పలక సంగతి తర్వాత, ముందు బలపం చూడండి

మీటింగుల్లో చేత్తో నోట్సు రాసుకోవడానికి టాబ్లెట్ కొనాలనుకునేవాళ్ళు ముందు అడిగేది "ఐప్యాడ్ మంచిదా, గెలాక్సీ టాబ్ మంచిదా, ఈ-ఇంక్ (కాగితంలా కనిపించే తెర) మంచిదా" అని. గొడవంతా పలకల గురించే. బలపం గురించి, అంటే పెన్ను గురించి, అడిగేవాళ్ళు తక్కువ. కానీ రోజంతా చేతిలో ఉండేది బలపమే, విసుగు పుట్టించేదీ అదే. తెర ఎంత బాగున్నా, చుక్క పెట్టినచోట చుక్క పడకపోతే మూడో మీటింగుకల్లా పాత నోటుబుక్కు బయటికొస్తుంది.

అందుకని నా లెక్కలో వరుస ఇది: ముందు పెన్ను, తర్వాత రాసింది బయటికొచ్చే దారి, ఆ తర్వాతే తెర. ప్రాసెసరూ కెమెరా స్పీకర్లూ ఈ వరుసలో లేనే లేవు.

అసలు చేతిరాత ఎందుకు? "చేత్తో రాస్తే బుర్రకెక్కుతుంది" అంటూ ఈ టాబ్లెట్లు అమ్ముతుంటారు. అందుకు అందరూ సాక్ష్యంగా చూపేది పామ్ మ్యూలర్, డేనియల్ ఓపెన్‌హైమర్ 2014లో ప్రచురించిన పరిశోధన. లాప్‌టాప్‌లో టైపు చేసిన విద్యార్థులు విన్న మాటల్ని ఉన్నదున్నట్టు దించుకున్నారనీ, విషయం అర్థమైందా అని అడిగే ప్రశ్నల్లో వెనకబడ్డారనీ దాని సారం. 2019లో, 2021లో వేరే బృందాలు ఆ ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూశాయి. పరీక్ష ఫలితాల్లో అంత స్పష్టమైన తేడా తేలలేదు. కాబట్టి జ్ఞాపకశక్తి పెరుగుతుందన్న ఆశతో డబ్బు పెట్టకండి. చేతిరాతకి వేరే గట్టి కారణాలున్నాయి. ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి బాణం గీయడానికి అర సెకను చాలు. తప్పని తేలిన నిర్ణయాన్ని కొట్టేసి పక్కనే కొత్తది రాయొచ్చు, పాతదీ కనిపిస్తూనే ఉంటుంది. లాప్‌టాప్ మూత ఎదుటి మనిషికీ మీకూ మధ్య గోడలా నిలబడదు.

పెన్నుల్లో రెండు జాతులు

మొదటిది ఈఎంఆర్. వాకమ్ కంపెనీ పేరుతో ముడిపడిన పద్ధతి. తెర వెనక తీగచుట్టలున్న పలుచని బోర్డు ఒకటి ఉంటుంది. అది పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచే పెన్నులోని చిన్న తీగచుట్ట శక్తి తీసుకుని తిరిగి సంకేతం పంపుతుంది. అంటే పెన్నుకి బ్యాటరీ అక్కర్లేదు, ఛార్జింగ్ అక్కర్లేదు, ఆరు నెలలు సొరుగులో పడి ఉన్నా తీయగానే రాస్తుంది. గెలాక్సీ టాబ్ ఎస్ వరుసలోని ఎస్ పెన్, రీమార్కబుల్ 2, కిండిల్ స్క్రైబ్, సూపర్‌నోట్, బూక్స్ మోడళ్ళలో చాలావరకు ఈ కోవలోవే. (కొన్ని ఎస్ పెన్నుల్ని ఛార్జ్ చేసేది బ్లూటూత్ సైగల కోసం మాత్రమే, రాతకి కాదు.)

మీటింగుల మనిషికి ఇందులో ఇంకో పెద్ద లాభం ఉంది. ఈ పెన్నులు చాలావరకు ఒకదాని బదులు ఇంకొకటి పనిచేస్తాయి. లామీ, స్టెడ్‌లర్ లాంటి పాత పెన్నుల, పెన్సిళ్ళ కంపెనీలు కూడా ఈఎంఆర్ పెన్నులు చేస్తున్నాయి. టాబ్లెట్ ఎప్పుడో గానీ పోదు, పెన్ను మాత్రం మీటింగు గదిలో మర్చిపోవడానికే పుట్టింది. పోతే అదే కంపెనీ పెన్ను కోసం వెతకాల్సిన పని లేకపోవడం చిన్న సంగతి కాదు. ఒక్క మెలిక: బొమ్మలు వేసేవాళ్ళు వాడే వాకమ్ ఇంట్యువోస్ పెన్నులు పేరుకి ఇదే కుటుంబమైనా ఈ టాబ్లెట్ల మీద రాయవు.

ఈఎంఆర్‌కి లోపాలు లేకపోలేదు. బోర్డు అంచులకి వచ్చేసరికి గురి తప్పుతుంది, గీత పెన్ను మొనకి ఒక మిల్లీమీటరు పక్కన పడొచ్చు. కవరులో అయస్కాంతం ఉంటే ఆ చోట గీత వంకర పోతుంది. కొత్త కవరు వేసిన రోజు నుంచీ తెరలో ఒకే చోట రాత పాడవుతుంటే పెన్నుని అనుమానించకండి, కవరు తీసి రాసి చూడండి. పెన్నులోని తీగచుట్ట మొనకి కాస్త పైన ఉంటుంది గనక పెన్ను వాలిస్తే లెక్క పక్కకి జరుగుతుంది. టాబ్లెట్ దాన్ని సరిచేసుకుంటుంది గానీ, ఆ సర్దుబాటు కుడిచేతి వాటానికి తగ్గట్టు చేసినదైతే ఎడమచేత్తో రాసేవాళ్ళకి తేడా తెలిసిపోతుంది. కొనేముందు కాలిబ్రేషన్ (గురి సరిచేసుకునే ఏర్పాటు), ఎడమచేతి సెట్టింగులు ఉన్నాయో లేదో చూసుకోవాల్సింది వీళ్ళే.

రెండో జాతి, బ్యాటరీ ఉన్న పెన్ను. ఆపిల్ పెన్సిల్, మైక్రోసాఫ్ట్ పెన్ ప్రోటోకాల్ వాడే సర్ఫేస్ పెన్నులు, వాకమ్ ఏఈఎస్, క్రోమ్‌బుక్కుల్లో కనిపించే యూఎస్‌ఐ ఇందులోకి వస్తాయి. ఇవి తెరలో వేలిని గుర్తుపట్టే వలతోనే మాట్లాడతాయి. ఒక పద్ధతి పెన్ను ఇంకో పద్ధతి తెర మీద సాధారణంగా రాయదు. ఆపిల్‌లో ఆపిల్‌తోనే తంటా: 2015లో మొదటి పెన్సిల్, 2018లో రెండోది, 2023లో యూఎస్‌బీ-సీది, 2024లో ప్రో. ఎం4 ఐప్యాడ్ ప్రో, ఎం2 ఐప్యాడ్ ఎయిర్ వచ్చేసరికి రెండో తరం పెన్సిల్ వాటితో పనిచేయదు. ఇంట్లో పాత పెన్సిల్ ఉంది కదా, టాబ్లెట్ ఒక్కటే కొందాం అనుకుంటే దెబ్బతినేది ఇక్కడే. మోడల్ పేర్లు రెండూ పక్కపక్కన పెట్టుకుని ఆపిల్ ఇచ్చే పట్టికలో సరిచూశాకే డబ్బు కట్టండి.

మైక్రోసాఫ్ట్ పద్ధతి మూలం ఎన్-ట్రిగ్ అనే కంపెనీది, 2015లో మైక్రోసాఫ్ట్ ఆ సాంకేతికతని కొనుక్కుంది. ఈ పద్ధతి పెన్నులకీ ఏఈఎస్‌కీ ఉన్న పాత జబ్బు ఏటవాలు గీత. నెమ్మదిగా గీస్తే అది తిన్నగా రాకుండా చిన్న అలలా వంకర్లు పోతుంది. తెరలోని వల గళ్ళ మధ్య ఖాళీల్లో మొన ఎక్కడుందో అంచనా కట్టాల్సిరావడమే కారణం. వేగంగా రాసే అక్షరాల్లో ఇది అంతగా కనబడదు, పటాలు గీసేవాళ్ళకి కనబడుతుంది. కొన్ని పాత పెన్నులకి నాలుగు 'ఏ'ల సన్న బ్యాటరీ కావాలి. మీటింగు మధ్యలో అది అయిపోతే పక్కవాళ్ళ దగ్గర దొరికే రకం కాదు. మళ్ళీ మళ్ళీ ఛార్జ్ చేసుకునే పెన్నుల్ని నెలల తరబడి వదిలేయకూడదు, బ్యాటరీ పూర్తిగా దిగజారితే లేవకపోవచ్చు.

రబ్బరు మొనతో, ఏ ఫోను మీదైనా పనిచేస్తుందని అమ్మే స్టైలస్ పెన్నే కాదు, అది ఇంకో వేలు. అరచేయి తెర మీద ఆనిస్తే గీతలు పడతాయి. దాని గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ప్రకటనల్లోని అంకెలు

ఒత్తిడి స్థాయిలు 4096 అనీ 8192 అనీ పెద్ద అక్షరాల్లో రాస్తారు. అవి బొమ్మలు వేసేవాళ్ళకి. మీటింగు నోట్సు రాసేది ఒకే మందం ఉన్న బాల్‌పెన్ గీతతో. ఆపిల్ యూఎస్‌బీ-సీ పెన్సిల్‌కి ఒత్తిడి గుర్తించే శక్తే లేదు, అయినా నోట్సుకి దానితో వచ్చే నష్టమేమీ కనిపించదు. చూడాల్సింది పై అంకె కాదు, కింది కొస: ఎంత తేలిగ్గా తాకితే గీత మొదలవుతుంది? ఈ అంకె డబ్బా మీద ఉండదు. తెలుగు రాసేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. మన రాతలో సగం పని తలకట్లు, సున్నాలు, ఒత్తులు, పొల్లుల్లాంటి చిన్న చిన్న తాకిళ్ళదే. గట్టిగా నొక్కితేగానీ పలకని పెన్నుతో తలకట్లు ఎగిరిపోతాయి, మర్నాడు చదివితే మన రాత మనకే అర్థం కాదు.

దీనికి ఎదురు జబ్బు కూడా ఉంది. పెన్ను పైకెత్తినా గీత ఆగదు. అక్షరానికీ అక్షరానికీ మధ్య సన్న తోకలు పడుతుంటాయి. మొన అరిగిపోయి లోపల బిగుసుకున్నా, మొన పట్టులో దుమ్ము చేరినా ఇలా అవుతుంది. మొన మార్చి చూడటం మొదటి మందు.

పెన్ను కదలికకీ గీతకీ మధ్య ఆలస్యం ఇంకో అంకె. ఆపిల్ 2019లో ఐప్యాడ్ ఓఎస్ 13తో 20 మిల్లీసెకన్ల నుంచి 9కి తగ్గించామంది. రీమార్కబుల్ 2 చెప్పుకునేది 21. నోట్సు రాసేటప్పుడు ఈ రెండింటికీ తేడా చేతికి తెలియొచ్చు, పనికి అడ్డం రాదు. అసలు మోసం వేరే చోట ఉంది. ఆండ్రాయిడ్‌తో నడిచే ఈ-ఇంక్ టాబ్లెట్లలో ఆ వేగం కంపెనీ సొంత నోట్సు యాప్‌లోనే దొరుకుతుంది. సొంత యాప్ గీతని నేరుగా తెర నడిపే చిప్‌కి, నలుపు తెలుపు మాత్రమే చూపే వేగపు పద్ధతిలో అందిస్తుంది. బయటి యాప్ మామూలు ఆండ్రాయిడ్ దారిలో చుట్టు తిరిగి వస్తుంది, గీత చేతి వెనక ఈడ్చుకుంటూ నడుస్తుంది. కొన్ని బయటి యాప్‌లకి కంపెనీలు ప్రత్యేకంగా సర్దుబాట్లు చేస్తాయి, అన్నిటికీ కాదు. "ప్లే స్టోర్ ఉంది కాబట్టి మా ఆఫీసు వన్‌నోట్ వేసుకుంటా" అనుకునేవాళ్ళు ఆ టాబ్లెట్ మీద ఆ యాప్‌లోనే రాసి చూశాక కొనాలి.

మొనకీ గీతకీ మధ్య

చవక టాబ్లెట్లలో పై అద్దానికీ తెరకీ మధ్య గాలి ఖాళీ ఉంటుంది. మొన అద్దం మీద ఉంటే గీత కింద ఎక్కడో పడ్డట్టు కనిపిస్తుంది. మామూలు ఐప్యాడ్‌లో ఈ ఖాళీ ఉంది. ఎయిర్, ప్రోల్లో అద్దాన్ని తెరకి అతికించేస్తారు గనక లేదు. చిన్న అక్షరాలు రాసేవాళ్ళకి ఈ తేడా విలువైనది. మామూలు ఐప్యాడ్ మీద మందపాటి టెంపర్డ్ గ్లాసు కూడా వేస్తే ఖాళీ ఇంకా పెరుగుతుంది.

నున్నటి అద్దం మీద గట్టి మొన జారుతుంది, పైగా టక్ టక్ మంటుంది. మైకు పక్కనే టాబ్లెట్ పెట్టి రాస్తే ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్ళకి వినిపించేది ఆ చప్పుడే. కాగితంలా గరుగ్గా ఉండే ఫిల్ము అతికిస్తే జారుడు తగ్గుతుంది, శబ్దమూ తగ్గుతుంది. కానీ తెర కాస్త మసకబారుతుంది, మొన త్వరగా అరుగుతుంది. ఈ-ఇంక్‌లో గరుకు పొర ముందే ఉంటుంది కాబట్టి అక్కడ మొన అరగడం మామూలే. అరిగేకొద్దీ ఒకవైపు ఏటవాలుగా చెక్కినట్టు అవుతుంది, ఆ అంచు తెరకి గీత పెట్టకముందే మార్చాలి. మొనల పొట్లం టాబ్లెట్‌తోపాటే కొనుక్కోండి. సూపర్‌నోట్ దీన్ని తలకిందులు చేసింది: మెత్తటి ఫిల్ము, అరగని సెరామిక్ మొన. రాస్తుంటే బాల్‌పెన్ను కింద నాలుగు కాగితాలు వేసుకున్నట్టు ఉంటుంది. నాకు నచ్చే ఏర్పాటు అదే, అందరికీ నచ్చాలని లేదు.

కొలతలు

అంగుళాల అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. 10.3 అంగుళాల ఈ-ఇంక్ తెర సుమారు 157 × 209 మిల్లీమీటర్లు, అంటే ఏ5 నోటుబుక్కంత. 11 అంగుళాల వెడల్పు తెర, నిష్పత్తి 16:10 అయితే, 148 × 237. పేరుకి పెద్దదే, పట్టుకున్నప్పుడు పొడుగ్గా సన్నగా ఉంటుంది. ఏ4 పేజీని పూర్తిగా చూపిస్తే రెండింటిలోనూ దాదాపు 70 శాతానికే కుదించుకుంటుంది. ఎజెండాలో 11 పాయింట్ల అక్షరాలు 8 పాయింట్ల లోపుకి దిగిపోతాయి. రిపోర్టుల పీడీఎఫ్‌ల అంచుల్లో రాయడమే ముఖ్యమైన పని అయితే 13 అంగుళాల తరగతికి వెళ్ళక తప్పదు. 13.3 అంగుళాల ఈ-ఇంక్ తెరలో ఏ4 సుమారు 90 శాతం కనిపిస్తుంది. ఖాళీ పేజీ మీద నోట్సే రాసేవాళ్ళకి 10.3 చాలు.

టాబ్లెట్లలో ముందే ఉండే గీతల టెంప్లేట్లు చాలావరకు ఇంగ్లీషు రాతకి వేసినవి, వరుసల మధ్య సుమారు 7 మిల్లీమీటర్ల చొప్పున. తెలుగులో కింద ఒత్తు, పైన గుడి రెండూ పట్టాలంటే 9 నుంచి 10 కావాలి. 10.3 అంగుళాల తెర మీద అలాంటి వరుసలు ఇరవై వస్తాయి. చాలా యాప్‌లు పీడీఎఫ్‌నో బొమ్మనో టెంప్లేట్‌గా తీసుకుంటాయి. వర్డ్‌లో మీ తెర కొలతకే పేజీ పెట్టి, ఎడమవైపు నాలుగో వంతు నిలువు గీతతో విడగొట్టి, మిగతా చోట లేత బూడిద రంగు అడ్డగీతలు గీసి పీడీఎఫ్ చేస్తే పదిహేను నిమిషాల పని. ఆ ఎడమ గడి పనుల కోసం: ఎవరు, ఏది, ఎప్పటికల్లా.

బరువు కూడా మీటింగుల మనిషికి కొలతే. రీమార్కబుల్ 2 సుమారు 400 గ్రాములు, 11 అంగుళాల టాబ్లెట్లు 500 అటూ ఇటూ, సర్ఫేస్ ప్రో కీబోర్డు లేకుండానే 900 దగ్గర. నిలబడి ముంజేతి మీద పెట్టుకుని రాసేవాళ్ళకి చివరిది కుదరదు.

గదిలో వెలుతురు సంగతి ఒక్క మాటలో: ట్యూబ్‌లైటు కింద ఈ-ఇంక్ హాయి, నున్నటి తెరలో ఆ లైటే కనిపిస్తుంది. ప్రొజెక్టర్ వేసి లైట్లు ఆపేసే గదుల్లో ఇదే తలకిందులవుతుంది. రీమార్కబుల్ 2లో లోపలి లైటు లేదు, కిండిల్ స్క్రైబ్ మోడళ్ళలో చాలావాటికి ఉంది. మీ మీటింగులు ఏ గదిలో జరుగుతాయో మీకే తెలుసు.

ఇంకోటి, తెరవడానికి పట్టే సమయం. ఫోను మోగినట్టే మీటింగులో ముఖ్యమైన మాట చెప్పకుండా వస్తుంది. ఐప్యాడ్‌లో లాక్ తెరని పెన్సిల్‌తో తాకితే నోట్సు తెరుచుకునే ఏర్పాటుంది, గెలాక్సీలో ఆపి ఉన్న తెర మీదే రాసే ఏర్పాటుంది. రెండూ సెట్టింగుల్లో ఆన్ అయి ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఈ-ఇంక్ టాబ్లెట్ నిద్ర నుంచి వెంటనే లేస్తుంది గానీ, బ్యాటరీ మిగల్చడానికి అది పూర్తిగా ఆగిపోయేలా సెట్ అయి ఉంటే మళ్ళీ మొదలవడానికి చాలాసేపు పడుతుంది. ఆ గడువుని పనిగంటలకన్నా ఎక్కువకి పెంచుకోండి.

రాసింది బయటికి రావాలి

చిన్నప్పటి పలకతో చిక్కు ఏమిటంటే ఏదీ మిగలదు, తుడిస్తే పోయింది. టాబ్లెట్‌లో అన్నీ మిగులుతాయి, కావాల్సింది మాత్రం దొరకదు. కొన్న ఏడాదికి మనసు విరిగేది పెన్ను వల్ల కన్నా దీనివల్లే ఎక్కువ. అందుకే దుకాణంలోనే అడగాల్సిన ప్రశ్న: మీటింగు ముగిసిన ఐదు నిమిషాల్లో ఈ పేజీ పీడీఎఫ్‌గా ఇంకొకరి మెయిల్లో ఉంటుందా? ఎన్ని తాకుళ్ళు? మధ్యలో ఫోనో కంప్యూటరో కావాలా? కంపెనీ సర్వర్ ద్వారానే వెళ్ళాలా, చందా కట్టాలా?

ప్రతి యాప్‌కీ సొంత ఫార్మాట్ ఉంటుంది. గుడ్‌నోట్స్ రాసింది సూపర్‌నోట్ చదవదు, రీమార్కబుల్ రాసింది శాంసంగ్ నోట్స్ చదవదు. అన్నీ ఒప్పుకునేది పీడీఎఫ్ ఒక్కటే. అందులోనూ చూసుకోవాల్సినవి ఉన్నాయి. గీతలు గీతలుగానే వచ్చే పీడీఎఫ్ ఎంత పెద్దది చేసినా పదునుగా ఉంటుంది, బొమ్మగా మార్చి పంపేది మసకేస్తుంది. పంపిన ఎజెండా మీద రాసినప్పుడు ఆ రాత పైపొరగా మిగిలితే కొన్ని మెయిల్ యాప్‌ల ప్రివ్యూలో కనబడదు, అవతలివాళ్ళకి ఖాళీ ఎజెండా వెళ్ళినట్టు ఉంటుంది. ఎగుమతిలో రాతని పేజీలోనే కలిపేసే ఫ్లాటెన్ అన్న ఐచ్ఛికం ఉంటే ఎంచుకోండి. అంతులేని కాన్వాస్ మీద రాయడం ఇష్టమైనవాళ్ళు ఒకసారి దాన్ని పీడీఎఫ్ చేసి చూడండి. పటం నడుమ పేజీ తెగుతుంది. మీటింగు నోట్సుకి హద్దులున్న పేజీయే మేలు.

చేతిరాతని టైపు అక్షరాలుగా మార్చడం ఆకర్షణగా ఉంటుంది గానీ దాని మీద ఆధారపడి కొనొద్దని నా మాట. బాణాలు, పెట్టెలు, కొట్టివేతలు ఉన్న పేజీ మార్చగానే చిత్తవుతుంది. తెలుగు వాక్యంలో ఇంగ్లీషు మాటలు ఇంగ్లీషు లిపిలోనే రాయడం మన అలవాటు. గుర్తింపు ఒక భాషకి సెట్ అయి ఉంటుంది కాబట్టి ఆ కలగలుపు దానికి కొరుకుడు పడదు. గూగుల్ కీబోర్డు యాప్ జీబోర్డ్ తెలుగు చేతిరాతని తీసుకుంటుంది, కానీ అది కీబోర్డు బదులు ఒక్కో మాట రాయడానికి, పాత పేజీల్లో వెతకడానికి కాదు. ఒక్క జాగ్రత్తతో ఇదంతా దాటొచ్చు: నోట్సు పేరు మాత్రం టైపు చేయండి. 2025-03-14, ప్రాజెక్టు పేరు, మీటింగు రకం, అదే వరుసలో ప్రతిసారీ. తేదీలో సంవత్సరాన్ని మొదట పెడితే ఫైళ్ళు వాటంతట అవే తేదీ వరుసలో నిలబడతాయి. ఇరవై సెకన్ల పని, మూడేళ్ళ తర్వాత కూడా వెతికితే దొరుకుతుంది.

మాటలు రికార్డు చేస్తూ, రాతని తాకితే ఆ క్షణం మాట వినిపించే సదుపాయం నోటబిలిటీ, వన్‌నోట్, శాంసంగ్ నోట్స్ లాంటి వాటిలో ఉంది. 64 కేబీపీఎస్ నాణ్యతలో రికార్డు చేస్తే గంటకి సుమారు 29 ఎంబీ, స్థలం సమస్య కాదు. గదిలో అందరి ఒప్పుకోలు తీసుకోవడమే సమస్య, అది లేకుండా ఆన్ చేయకూడదు.

ఆఫీసు నోట్సు ఎవరి సర్వర్‌లో పడుతున్నాయో ఐటీ వాళ్ళని ముందే అడగండి. చాలా ఈ-ఇంక్ టాబ్లెట్లు సింక్ ఆపినా రాస్తాయి, కేబుల్‌తో పీడీఎఫ్ ఇస్తాయి. కట్టుదిట్టమైన చోట్ల అదే దారి. లాక్ కోడ్ లేని నోట్సు టాబ్లెట్ అంటే బల్ల మీద వదిలేసిన మినిట్స్ బుక్కు.

దుకాణంలో ఐదు నిమిషాలు

స్కేలు ఆనించి ఏటవాలుగా, చాలా నెమ్మదిగా ఒక గీత గీయండి, అలలు ఉన్నాయా చూడండి. నాలుగు మూలల్లోనూ అంచుకి ఆనుకుని చిన్న గళ్ళు వేయండి. అరచేయి ముందు ఆనించి రెండు సెకన్లు ఆగి అప్పుడు పెన్ను దించండి. అరచేయి గీతలు పడేదీ, పేజీ జరిగిపోయేదీ ఈ క్షణంలోనే. "స్వాతంత్ర్యం", "క్షుణ్ణంగా", "నిర్ణయించాం" అని మీ మీటింగు వేగంలో, మీ మామూలు సైజులో రాయండి. తలకట్లు, ఒత్తులు లెక్కపెట్టండి. పెన్ను గుండీని పొరపాటున నొక్కుతున్నారా గమనించండి. డెమో టాబ్లెట్‌లో యాభై పేజీల స్కాన్ పీడీఎఫ్ తెరిచి ముప్పయ్యో పేజీకి వెళ్ళి రాయండి, చిన్న ప్రాసెసర్ ఈ-ఇంక్‌లు ఇక్కడే ఆయాసపడతాయి. చివరగా ఆ పేజీని మీ మెయిల్‌కి పంపించుకుని మీ ఫోనులో తెరవండి.

వారానికి రెండే మీటింగులు, పటాలు లేవు, పేజీలు ఎవరికీ పంపే పని లేదు అంటే ఇవేవీ కొనకండి. ఏ5 నోటుబుక్కు, మంచి జెల్ పెన్ను, సాయంత్రం ఫోనుతో స్కాన్ చేసి తేదీ పేరుతో దాచుకోవడం సరిపోతుంది. స్కాన్ చేసేటప్పుడు పేజీ మీద ఫోను నీడ పడకుండా కిటికీ పక్కకి జరగండి.